పాలిష్ పట్టిన రింగు

కుడి అరచేతిలో కొత్త పసుపు కొమ్ము పట్టుకుని, నవనాథుల గుట్ట వైపు మొహం తిప్పి, నా గోనె సంచుల దుకాణం మీద ఒట్టేసి చెబుతున్నాను: ఇక్కడ రాసిన ప్రతి మాటా నిజం. ఒక్కటి అబద్ధమైనా, నేను కుట్టిన ప్రతి సంచీ మార్కెట్ యార్డు నడుమ, కొనేవాళ్ళు చూస్తుండగా, అడుగు ఊడి పసుపంతా నేలపాలు కావాలి. ఆర్మూర్‌లో ఇంతకన్నా పెద్ద ఒట్టు లేదు. పిల్లల మీద కూడా వేద్దామనుకున్నాను గానీ, నా సంగతి తెలిసినవాళ్ళు కనుక వాళ్ళు ఒప్పుకోలేదు.

ఇంత గట్టి ఒట్టు ఎందుకంటే, నా మాటకు ఊళ్ళో తరుగు ఉంది. పసుపు తూకంలో మట్టికీ తేమకూ కొంత తీసేసినట్టు, నేనేం చెప్పినా జనం సగం తీసేసి మిగతాది వింటారు. మా తాత పాలిష్ పట్టిన కొమ్ములో మొహం చూసుకుని పెళ్ళికూతురు బొట్టు దిద్దుకుందని చెబితే, "తాత ఉండెనా అసలు?" అని అడిగినవాళ్ళున్నారు. నేనేమీ అనుకోను. కానీ ఇవాళ తరుగు తీయొద్దు. చెప్పబోయేది పోయిన మనిషి గురించి.

నిన్న ఆయన పదకొండో రోజు. భోజనాలయ్యాక ఆయన భార్య నన్ను పక్కకు పిలిచింది. నేను వదిన అంటాను ఆమెను. బీడీలు చుట్టే చాట ఆ రోజు గోడకు ఆనించి ఉంది. కొంగు ముడి విప్పి, చిటికెన వేలికి ఎక్కేంత ఇనుప రింగొకటి తీసి నా చేతిలో పెట్టింది.

"గిది నీకియ్యమన్నడు తమ్మీ."

"నాకెందుకు వదినా?"

"నాకేం ఎరుక. ఎందుకో నీకు తెలుస్తదన్నడు."

"నాకు తెల్వదు వదినా," అన్నాను.

రింగు తళతళా మెరుస్తోంది. దాని మెరుపులో నా మొహం కనబడింది. మా తాత కొమ్ము కథ చెప్పి ఇన్నేళ్ళు నవ్వించాను కదా, అది నిజమైతే ఎట్లా ఉంటుందో నిన్న చూశాను.

పెర్కిట్ పోయే రోడ్డు మీద నా దుకాణానికి ఎదురుగా ఆయన రేకుల షెడ్డు. పసుపు ఉడికించే కడాయిలు, ఉడికి ఎండిన కొమ్ముల పొట్టు రాల్చి మెరుగు తెచ్చే పాలిష్ డ్రమ్ములు చేసేవాడు. ఆయన చేసిన డ్రమ్ము తిరిగితే వాన పడుతున్నట్టు ఒకే తీరు చప్పుడు వస్తుంది. నడుమ టక్కుమని ఒక్క చోట ఎగిరినా, రైతు వద్దన్నా సరే, బండి మీంచి దింపించేవాడు.

ఆయన్ను తలుచుకుంటే నాకు ముందుగా కనబడేది మొహం కాదు, కుడిచేతి బొటనవేలు. వెల్డింగ్ అతుకు మీద, కడాయి అంచు మీద, ఆఖరికి నేను కుట్టిన సంచీ కుట్టు మీద కూడా ఆ వేలు నిదానంగా నడిచిపోయేది. నున్నగా ఉంటే "అయ్యింది" అనేవాడు. గరుకుగా తగిలితే ఏమీ అనేవాడు కాదు, మళ్ళీ మొదలుపెట్టేవాడు. కంటితో చూడడం ఆయనకు రెండో పని.

సామాన్ల విషయంలో ఆయనకు పట్టింపు ఎక్కువ. సుత్తిని దాటేవాడు కాదు. గ్రైండర్ చేతిలోకి తీసుకునే ముందు తాకి కళ్ళకద్దుకునేవాడు. కడాయి కోసం వచ్చిన రైతు ఎవరన్నా పని చేసే బల్ల మీద కాలు పెడితే చాలు.

"ఏమయ్యా పటేలా, నీ ఇంట్ల పీట మీద సుత గిట్లనే కాలు పెడ్తవా?"

"ఇనుప బల్లనే కదనే, ఏమైతది?"

"సామానుకు ఇజ్జత్ ఇయ్యాలె. మనం ఇస్తేనే అది మనకిస్తది. కాలు తియ్యి."

ఈ మాట రోజుకు నాలుగుసార్లయినా రోడ్డు దాటి నా చెవిన పడేది. చుట్టుపక్కల షెడ్లలో గ్రైండర్‌కు అడ్డుగా ఉంటుందని రక్షణ రేకు పీకేసి పని చేస్తారు. ఆయన గ్రైండర్‌కు ఆ రేకు ఎప్పుడూ ఉండేది. కళ్ళద్దాలు లేకుండా నిప్పురవ్వ లేపేవాడు కాదు. తర్వాత జరిగింది చదివేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

ఇంకొక సంగతి. ఒక ఎండాకాలం నేను ఊరికే నోరు ఊరుకోక, గుట్ట మీద పెద్ద రాయి ఒకటుందనీ, మిట్టమధ్యాహ్నం దానికి మనిషికి పట్టినట్టే చెమట పడుతుందనీ చెప్పాను. విన్న నలుగురూ నవ్వి చాయ్ తాగి వెళ్ళిపోయారు. మర్నాడు ఆయన షెడ్డు మూసి కనబడలేదు. సాయంత్రం ఎర్రగా కమిలిన మొహంతో వచ్చాడు.

"తమ్మీ, అన్ని రాళ్ళకు బొటనేలు పెట్టి చూసిన. ఇయ్యాల పట్టలే. రేపు ఇంకా ఎండ గట్టిగ ఉంటదంటున్నరు, మల్ల పోయి చూస్త."

పట్టుకుని ఆపడానికి నాకు చాలాసేపు పట్టింది. అబద్ధమని ఒప్పుకోలేదు. "రాయి జాగ మారిందట అన్నా," అన్నాను. ఆయన నమ్మాడు.

దసరాకు ఊళ్ళో అందరూ సామాన్లకు పూజ చేస్తారు. ఆయనది పండగ కన్నా ఎక్కువ. షెడ్డంతా కడిగి, సుత్తెలు, పట్టకార్లు, వెల్డింగ్ మిషన్, గ్రైండర్ అన్నీ బల్ల మీద వరుసగా పెట్టి, ఇంట్లోంచి తెచ్చిన పసుపును నీళ్ళలో కలిపి, ఒక్కో దానికి బొట్టు. దుకాణం నుంచి కొత్తగా తెచ్చిన కటింగ్ వీల్స్, అంటే గ్రైండర్‌కు బిగించి ఇనుము కోసే పల్చటి నల్ల చక్రాలు, డబ్బాలోనివి డబ్బాలో ఉంచి పైదానికి రాసేవాడు. చక్రం నడుమ ఉండే ఇనుప రింగు చుట్టూ బొటనవేలితో పసుపు తిప్పి, మీద కుంకుమ.

ఒక ఏడు దసరా వెళ్ళిన నాలుగో రోజు మధ్యాహ్నం, అట్లా పసుపు పెట్టిన పై చక్రాన్నే బిగించాడు. నేను ఇవతల సంచీ కుడుతున్నాను. పెళ్ళిలో పటాకు పేలినట్టు ఒక్క చప్పుడు. గ్రైండర్ మోత మాత్రం ఆగలేదు. మనిషి గొంతు లేదు, మిషన్ ఒక్కటే తిరుగుతోంది. నేను రోడ్డు దాటేసరికి ఆయన కింద కూర్చుని ఉన్నాడు. అంత దెబ్బలోనూ గ్రైండర్‌ను కింద పడెయ్యకుండా ఒళ్ళో పెట్టుకుని, బటన్ కోసం వెతుకుతున్నాడు. చక్రం ముక్కలైంది. ఒక ముక్క రక్షణ రేకు అంచు దాటి, కళ్ళద్దాన్ని చీల్చి, కుడి కంట్లో దిగింది.

"బంద్ చెయ్యి తమ్మీ," అన్నాడు. "మిషిన్ కరాబైతది."

కుడి కన్ను పోయింది. దానితో ఆగదన్నారు హైదరాబాద్ పెద్ద దవాఖానలో. ఒక కంటికి తగిలిన దెబ్బకు ఒక్కోసారి రెండో కన్ను కూడా అలుగుతుందట. ఎడమ కన్ను మసకబారడం మొదలైంది. ఆగకుండా మందులు వాడాలి, ఆ తర్వాత ఆపరేషన్, అప్పుడు గానీ ఎడమది నిలబడదన్నారు. షెడ్డు మూతపడింది. వదిన చుట్టే బీడీల మీద ఇల్లు నడుస్తుందేమో గానీ, కన్ను నడవదు.

నెల తిరిగాక ఒంటి కంటితోనే వచ్చి షెడ్డు తెరిచి, గ్రైండర్ నట్టు విప్పాడు. చక్రం పోయినా నడుమ రింగు దానికే పట్టుకుని ఉంది. ఆ వేళకు డ్రమ్ము కోసం బాల్కొండ నుంచి ఒకతను వచ్చాడు. దుబాయిలో ఫిట్టర్‌గా చేసి వచ్చినవాడు. రింగు చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

"కాకా, దీని తేదీ ఎప్పుడో అయిపోయింది గదనే!"

"ఇనుము కోసేదానికి తేదీ ఏందిరా? పాల ప్యాకెట్టా?"

"పాల ప్యాకెట్ లెక్కనే. జిగురు తోని చేస్తరు వీటిని. జిగురు ముదురుతది, పగుల్తది. మా దగ్గర తేదీ అయితే చెత్తల ఏస్తుండిరి. ఇగో, సూడు."

నేనూ చూశాను. రింగు మీద పైపైన అచ్చేసిన నెల, సంవత్సరం. దసరా నాటి పసుపు ఆ అంకెల్లో ఇంకి ఎండిపోయింది. అందుకే నల్లటి ఇనుము మీద పచ్చగా, ఎవరో కలంతో రాసినట్టు కనబడుతున్నాయి. ఆయన ఆ చక్రం కొనే నాటికే దాని గడువు దాటి చాలా కాలమైంది.

దాంతో కేసు పుట్టింది. నిజామాబాద్‌లో ఒక వకీలు సాబ్ దొరికాడు. చక్రం చేసిన కంపెనీ మీద, గడువు దాటిన సరుకు అమ్మిన దుకాణం మీద వినియోగదారుల కమిషన్‌లో నష్టపరిహారం కోసం కాగితం వేశాడు. రింగును జిరాక్సు మిషన్ అద్దం మీద పెట్టి, ఆ కాపీ జత చేశాడు. జిరాక్సులో అది నల్లటి సున్నాలా పడింది, అంకెలు లేవు, ఏమీ లేవు.

"ఫికర్ చెయ్యకు భాయ్, అసలుది నీ దగ్గర ఉన్నది కదా," అన్నాడు వకీలు సాబ్. "గదే నీ గవాయి. పిలిచిన్నాడు తెచ్చి చూపెట్టాలె. అప్పటిదాక కంటికి రెప్ప లెక్క..." అని ఆగిపోయి, గొంతు సవరించుకున్నాడు. "మంచిగ దాసుకో."

ఆ రోజు నుంచి రింగు ఆయన చిటికెన వేలికి ఎక్కింది. ప్రతి సాయంత్రం వచ్చి నా సంచుల కుప్ప మీద కూర్చునేవాడు. కేసు వాయిదాలు నడిచినన్ని రోజులూ మా మధ్య ఒకటే ఆట. రోడ్డు మీద బస్సు కనబడగానే ఆయన బోర్డు చదవాలి.

"బాల్కొండ," అనేవాడు మొదట్లో, బస్సు దూరంగా ఉండగానే.

తర్వాత దగ్గరికొచ్చాక చెప్పేవాడు. చలికాలం దాటేసరికి, "మెండోరనా తమ్మీ?" అని అడగడం మొదలుపెట్టాడు. మెండోర అయినా కాకపోయినా నేను అవుననేవాణ్ణి. నేను చెప్పిన అబద్ధాల్లో అవి చిన్నవి.

ఆ ఎండాకాలం కంపెనీవాళ్ళ జవాబు వచ్చింది. వకీలు సాబ్ ఫోన్‌లో చదివి వినిపించాడు. ఆయన నా దుకాణంలోనే, నిలబడి విన్నాడు.

"దసరకు అందరు సామాన్లకు పసుపు పెడ్తరని అమ్మిన దుకాణపోడు చెప్పిండట. నీళ్ళల్ల కలిపిన పసుపు చక్రానికి రుద్దినవట. తడికి జిగురు నానిందట. గందుకే పగిలింది, మా తప్పు లేదంటున్నరు. తడి తగలనియ్యొద్దని డబ్బ మీద రాసి ఉన్నదట."

"ఏ భాషల రాసిన్రు సాబ్?"

"ఇంగ్లీషుల."

"నాకెట్ల తెలుస్తది మరి?"

"అది నేను చూసుకుంట భాయ్. బొట్టంత పసుపుకు చక్రం పగలదు. నువ్వు ఉన్నదున్నట్టు చెప్పు, రింగు చూపెట్టు. తేదీ ఒక్కటి చాలు మనకు."

వకీలు చెప్పిన మాటల్లో ఆఖరివి ఆయన చెవికి ఎక్కనే లేదు. ఫోన్ పెట్టేసి కూర్చుండిపోయాడు. అప్పటిదాకా కన్ను పోయిందన్న బాధ ఒకటే. ఇప్పుడు ఇంకొకటి వచ్చి చేరింది.

"నా పసుపే నా కన్ను తీసిందా తమ్మీ?"

నేను నవ్వించబోయాను. "అట్లయితే ఆర్మూర్ల ఒక్కనికి కన్ను ఉండొద్దు కదనే."

ఆయన నవ్వలేదు. "ఇజ్జత్ ఇచ్చినందుకు కన్ను తీస్తదా?" అన్నాడు.

ప్రతి రోజూ అదే ప్రశ్న. బస్సుల ఆట మానేశాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగి, గాలిలో బొటనవేలు తిప్పేవాడు, చక్రానికి పసుపు రాస్తున్నట్టు. ఒకరోజు వదిన వచ్చి వాకిట్లో నిలబడి, "తమ్మీ, తిండి తింటలేడు. దేవుని అర్రల పసుపు డబ్బ సుత బయట పెట్టిచ్చిండు. ఏదన్న చెప్పు జర. నీ మాటింటడు," అంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే తెల్ల చొక్కా మనిషి వచ్చాడు.

బస్టాండు పక్క హోటల్లో నేనూ ఆయనా చాయ్ తాగుతుంటే వచ్చి మా బల్ల దగ్గరే కూర్చున్నాడు. ఇస్త్రీ నలగని తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు. నిజామాబాద్ కోర్టుల చుట్టూ తిరుగుతుంటానన్నాడు. మూడో చాయ్ మేమే చెప్పాం. ఆయన గోడు మొత్తం విని, బల్ల మీద వేలితో కొట్టాడు.

"పసుపు రాసినవని ఎవడు చూసిండు?"

"నేనే రాసిన కదా."

"నువ్వు కాదు. ఇంకెవడు చూసిండు? ఎవ్వడు చూడలే. రాయలే అని చెప్పు, అయిపాయె."

"అబద్ధం చెప్పరాదు నాకు," అన్నాడు ఆయన. సిగ్గుపడుతున్నట్టు అన్నాడు, ఈత రాదని చెప్పినట్టు.

"నేర్పిస్త. అబద్ధానికి తోక ఉండాలె. ఇంట్ల ఉన్న అని ఊకె అనొద్దు. ఇంట్ల ఉన్న, పిల్లి పాలు ఒలకబోసింది అనాలె. పిల్లిని చూసి ఇల్లు నమ్ముతరు జనం. ఎవ్వలు అడగని ముచ్చట ఒక్కటి ఎనుక తగిలియ్యి. ఏదీ, చెప్పు."

"పసుపు రాయలే," అన్నాడు ఆయన.

"తోక?"

చాయ్ మీద మీగడ కట్టింది. "...పిల్లి?" అన్నాడు.

నేను పొట్ట పట్టుకుని నవ్వాను. తెల్ల చొక్కా కూడా నవ్వాడు. ఆయన మాత్రం చిటికెన వేలి నుంచి రింగు తీసి బల్ల మీద పెట్టాడు.

"నేను రాయలేదన్నా, గిది రాసిందంటది కదా. ఇగో, పచ్చగ."

తెల్ల చొక్కా రింగును గోటితో అవతలికి నెట్టాడు. "ఏమయ్యా, డ్రమ్ములు చేసేటోనివి. పాలిష్ పట్టని సరుకు మార్కెట్‌కు తీస్కపోతార ఎవరన్న?"

ఆ ఒక్క మాటతో ఆయన మొహం వెలిగింది. అబద్ధం ఆయనకు అర్థం కాలేదు గానీ, పాలిష్ అర్థమైంది. మా ఊళ్ళో ఏదైనా నలుగురికి చూపించాలంటే ముందు దాని మురికి రాల్చి మెరుగు తేవాలి. మంచి పసుపైనా సరే, పాలిష్ పట్టకుండా యార్డులో పోస్తే చూసేవాడుండడు. ఇన్నేళ్ళు ఆయన బతికింది ఆ పని మీదే. కమిషన్‌కు కూడా రింగును అట్లాగే తీసుకుపోవాలని ఆయనకు అంతవరకూ తోచలేదంతే.

ఆ బల్ల దగ్గర ముగ్గురం ఉన్నాం. ఆ అంకెల్ని పచ్చగా చూపించేది ఆ పసుపేనని ఒక్కరికీ తట్టలేదు.

మర్నాడు పొద్దున ఎన్నో నెలల తర్వాత షెడ్డు తెరుచుకుంది. గ్రైండర్ మోత వినబడింది. ఇనుము కోసే మోత కాదు, తీగల బ్రష్షు బిగించి తుప్పు రాల్చే సన్నటి మోత. నేను సంచీ కుడుతూనే ఉన్నాను. మోత ఆగింది. ఆయన ఒక చేయి ముందుకు చాపి రోడ్డు దాటుకుని వచ్చి, రింగు నా అరచేతిలో పెట్టాడు.

"బొటనేలు పెట్టి చూడు తమ్మీ."

పెట్టాను. గాజులా ఉంది.

"ఎట్లున్నది?"

"మస్తున్నదన్నా," అన్నాను. అంకెల కోసం చూడలేదు. ఆయన చూడాలన్నా ఆ కంటికి ఆనవు. నున్నగా ఉంటే అయ్యిందని ఆయన వేలు చెప్పింది.

వాయిదా రోజు ఇద్దరం బస్సెక్కాం. నిజామాబాద్ చేరేదాకా పెదాలు కదుపుతూనే ఉన్నాడు. తోక దొరికిందట. "రాయలే మేడం. గా దినం పసుపు డబ్బ మూత రాకపాయె. ఎట్లున్నది?" అని మోచేత్తో పొడిచాడు.

"పిల్లి కన్నా మంచిగున్నది," అన్నాను. చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. కన్ను పోయాక ఆయన నవ్వడం అప్పుడే చూశాను.

కమిషన్‌లో పెద్ద కుర్చీలో ఒక మేడం ఉంది. కంపెనీ తరఫు వకీలు లేచి, "ఆ చక్రానికి మీరు పసుపు రాశారా లేదా? అదొక్కటి చెప్పండి," అన్నాడు.

ఆయన గొంతు వచ్చిన వైపు తల తిప్పాడు. బొటనవేలు ప్యాంటు కుట్టు మీద కిందికీ పైకీ నడిచింది. నేను లోపల్లోపల అందిస్తూనే ఉన్నాను: మూత, మూత.

"రాసిన మేడం," అన్నాడు.

మా వకీలు సాబ్ తల ఊపాడు, మంచిదే అన్నట్టు.

"దసరకు రాసిన. అన్ని సామాన్లకు రాస్త. నేనే కాదు, మా ఊర్ల తక్కెడకు సుత రాస్తరు. పని నేర్సినప్పటి సంది రాస్తున్న, ఒక్కటి పగల్లే. సామానుకు ఇజ్జత్ ఇయ్యకుంట ఎట్ల పట్టుకుంటం మేడం?"

మేడం కోప్పడలేదు. ఏదో రాసుకుని, "రింగు మీ దగ్గర ఉందన్నారు. తెచ్చారా?" అని అడిగింది.

ఆయన జేబులోంచి కొత్త చేతిరుమాలు తీసి, మడతలు విప్పి అందించాడు. మేడం వెలుతురుకు పట్టి ఒకసారి తిప్పింది. ఇంకోసారి తిప్పింది.

"దీని మీద తేదీ ఏది?"

వకీలు సాబ్ గబగబా ముందుకు వెళ్ళాడు. "ఉండె మేడం! నేను నా కండ్లతోని చూసిన." రింగు చూసి, ఆయన వైపు చూశాడు.

"ఉన్నది మేడం," అన్నాడు ఆయన. "జర ఎల్తురుల పట్టి చూడున్రి. ఆడనే ఉన్నది."

రింగు ఆయన చేతికిచ్చారు. బొటనవేలు చుట్టూ తిరిగింది. సగంలో ఆగింది. వెనక్కి వచ్చింది. మళ్ళీ తిరిగింది. నున్నదనం తగిలి ఆ వేలు భయపడడం నేనప్పుడే చూశాను. ఆయన గోటితో కూడా వెతికాడు.

"దీన్ని ఇట్లా శుభ్రం చేయమని మీకు ఎవరైనా చెప్పారా?" మేడం అడిగింది.

ఆయన మొహం వెనక బెంచీల వైపు తిరిగింది. ఎంతసేపో కాదు, రెప్పపాటు.

"ఎవ్వలు చెప్పలే మేడం. నేనే తోమిన. గా దినం కరెంటు సుత లేకుండె. ఊకె కూసోలేక, చేతితోని, ఉత్తగనే తోమిన."

కరెంటు ఉంది. గ్రైండర్ మోత నేను విన్నాను. కరెంటు మాట ఎవరూ అడగలేదు కూడా. అది తోక.

తన కన్ను నిలబెట్టుకోవడానికి చెప్పలేకపోయిన అబద్ధాన్ని ఆయన ఇంకొకరి మీదికి మాట రాకుండా చెప్పాడు. తడబడలేదు. నా జీవితంలో అంత బాగా చెప్పిన అబద్ధం నేను వినలేదు. అందరూ నమ్మారు.

కొన్నాళ్ళకు ఆర్డరు వచ్చింది. చక్రం గడువు దాటిందని రుజువు కాలేదు కనుక కేసు కొట్టేశారు. పై కమిషన్‌కు పోదామని వకీలు సాబ్ అన్నాడు గానీ, పోయి ఏం చూపిస్తాం? ఆర్డరు నేనే చదివి చెప్పాను. నడుమ ఒక చోట, పసుపు వల్లే చక్రం పగిలిందని కంపెనీ కూడా రుజువు చేయలేకపోయిందని ఉంది.

"గా ముచ్చట మల్ల చదువు," అన్నాడు.

చదివాను. నాలుగుసార్లు చదివించుకున్నాడు. "అంటే పసుపు తప్పు లేదని రాసిన్రు," అన్నాడు. అవునన్నాను. ఇంటికి పోయి పసుపు డబ్బా లోపల పెట్టించాడట. వదిన చెప్పింది. ఆమె ఏడ్చింది, ఆయన ఏడవలేదు.

ఎడమ కన్ను ఆ వానాకాలం దాటలేదు. ఆ తర్వాత కూడా ఆయన సాయంత్రం రావడం మానలేదు. వదిన చేయి పట్టుకుని తెచ్చి సంచుల మీద కూర్చోబెట్టేది. నా కుట్లను వేలితో చూసి "అయ్యింది" అనేవాడు. కేసు మాట ఎత్తేవాడు కాదు. ఒక్కసారి మాత్రం, ఎండ బాగా కాస్తున్న రోజు, "తమ్మీ, గా రాయికి ఇప్పుడు చెమట పడుతుండొచ్చు గదా?" అని అడిగాడు. పడుతుండొచ్చన్నాను. సంతోషంగా తల ఊపాడు.

పోయిన వారానికి ముందు వారం, మూడు రోజుల జ్వరంతో పోయాడు.

ఒట్టేసి మొదలుపెట్టాను కనుక ఒప్పుకుని ఆపాలి. ఇందులో నేను కల్పించింది ఒక్కటే: తెల్ల చొక్కా మనిషిని. అట్లాంటివాడు ఎవడూ ఆ హోటల్‌కు రాలేదు. ఆ రోజు బల్ల మీద ఉన్నవి రెండే చాయ్‌లు. పిల్లి నాది, తోక నాది, పాలిష్ మాటా నాదే. వదిన ఏదన్నా చెప్పమంది కదా, నాకు వచ్చింది అదొక్కటే, అదే చెప్పాను. కమిషన్‌లో ఆయన మొహం తిరిగిన బెంచీ మీద కూర్చున్నది నేను. కనబడీ కనబడని కంటితో నేనున్న చోటు చూసి, ముందుకు తిరిగి, కరెంటు లేదన్నాడు. నేను లేచి నిలబడలేదు.

రింగు నాకెందుకు పంపాడో తెలియదని వదినతో అన్నాను. తెలుసు.

రేపు యార్డుకు పసుపు తెచ్చేవాళ్ళు నా సంచుల అడుగు ఒకసారి లాగి చూసుకోండి. ఊరంతా నా మాటకు సగం తరుగు తీస్తుంది. ఆయన ఒక్కడే తీయలేదు.